ఆవిరి పట్టిన వేళ్ళు

పెదబయలులో సన్యాసిరావు పిండిమర మామూలు రోజుల్లో సగం పూటే తిరుగుతుంది. సంత రోజున మాత్రం పొద్దున్న మొదలైతే పొద్దు వాలేదాకా ఆగదు. కొండ ఊళ్ళ నుంచి చోళ్ళనే రాగులు, సామలు, మొక్కజొన్నలు నెత్తిన పెట్టుకుని దిగినవాళ్ళు సంచులు వరసలో ఆనించి సంతలోకి పోతారు, తిరిగి వెళ్ళేటప్పుడు పిండి పట్టుకుపోతారు. వంతల రత్నాలు ఆ మరలో పనికి చేరేనాటికి ఇంకా పెళ్ళి కాలేదు. కొండ మీది తన ఊరి నుంచి నడిచి వచ్చేది. ఎవరి సంచి ఏదో మరిచిపోదనీ, మాట పడనివ్వదనీ సన్యాసిరావు అందరితోనూ అనేవాడు. ఆయనది నర్సీపట్నం దగ్గర ఊరు. తండ్రి కాలంలోనే కొండెక్కి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నారు. మర తర్వాత వచ్చింది.

ఒక సంత రోజున మర బెల్టు జారింది. జారినప్పుడల్లా మోటారు ఆపకుండానే చేత్తో తోసి చక్రం మీదికి ఎక్కించడం అక్కడ అలవాటు. రత్నాలు కూడా అలాగే తోసింది. కుడిచేతి నడిమి మూడు వేళ్ళూ బెల్టుకీ చక్రానికీ మధ్య నలిగిపోయాయి. సన్యాసిరావు ఆమెని తన జీపులోనే పాడేరు, అక్కణ్ణించి విశాఖపట్నం తీసుకెళ్ళాడు. డాక్టర్లు మొదటి కణుపు దాకా మిగిల్చి పైవి తీసేశారు. ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. కట్టు విప్పించుకుని ఆమె మళ్ళీ పెదబయలు వచ్చేసరికి బెల్టు చుట్టూ ఇనప జాలీ బిగించి ఉంది. ఆ సంగతి గురించి వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

చెయ్యి మానాక ఆమె కొన్నాళ్ళు మరలోనే పనిచేసింది. సంచుల మూతులు ఎడంచేత్తోనూ పళ్ళతోనూ కట్టడం నేర్చుకుంది. కుడిచెయ్యి ఎప్పుడూ పైట కింద ఉండేది. సామలు పట్టించడానికి వచ్చే ఫల్గుణ ఆమెని అక్కడే చూశాడు. అతను పెదబయలుకీ ముంచింగిపుట్టుకీ మధ్య సర్వీసు జీపు తోలేవాడు. పెళ్ళి మాట అతనే ఎత్తాడు.

"నా సెయ్యి సూసినావా?" అంది రత్నాలు.

"సూసినాను."

"సూసీ అడుగుతున్నావేటి?"

"సూసినాకే అడుగుతున్నాను. ముందే అడుగుదునేమో, నువ్వు ఎప్పుడూ పన్లోనే ఉంటావు కదా" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆమె మర మానేసి ఫల్గుణ ఊరు దూలంపుట్టు వెళ్ళింది. ఇంటి దిగువ వాలులో ఫల్గుణ వాళ్ళకి కాఫీ తోట ఉంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ. పండు కోతకి వచ్చినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకరి తోటలోకి ఒకరు వెళ్ళి కోస్తారు. రెండు చేతులూ కొమ్మ మీద ఆడుతుంటే బుట్ట ఇట్టే నిండుతుంది. రత్నాలు కొమ్మని కుడి మోచేతితో వంచి పట్టి ఎడంచేత్తో కోసేది. ఆమె బుట్ట ఎప్పుడూ ఆఖర్న నిండేది. దాని గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. తన తోటలో బదులు పనికి వచ్చినవాళ్ళు తన కంటే ఎక్కువ కోసి వెళ్తున్నారన్నది మాత్రం ఆమెకి ఇబ్బందిగా ఉండేది.

పెదబయలులో పాత గోదాం మేడ మీద ఒక సంస్థవాళ్ళు శిక్షణ కేంద్రం తెరిచారు. కుట్టు మిషన్లు, రెండు కంప్యూటర్లు, ఒక త్రీడీ ప్రింటరు. రత్నాలు కుట్టు నేర్చుకోవడానికి చేరింది. మిషను తొక్కడం బాగానే వచ్చింది. గుడ్డని సూది కిందికి తిన్నగా నడిపించడానికి మాత్రం కుడిచెయ్యి సహకరించలేదు. ఎంత సర్దినా కుట్టు పక్కకి పోయేది. కంప్యూటర్లూ ప్రింటరూ చూసుకునే హారిక అది గమనించింది. హారికది బొబ్బిలి. ఇంజినీరింగు చదివి, ఆ ఉద్యోగం కోసం కొండకి వచ్చి, పెదబయలులోనే గది తీసుకుని ఉంటోంది.

"అక్కా, ఒకసారి చెయ్యి చూపిస్తావా?" అని అడిగింది.

రత్నాలు చూపించలేదు. మర్నాడు తనే వచ్చి పైట తీసి చెయ్యి బల్ల మీద పెట్టింది. కణుపులు ఆడుతున్నాయో లేదో హారిక చూసింది. ఆడుతున్నాయి.

"వేళ్ళ మొదళ్ళు కదులుతున్నాయి కాబట్టి తొడుగుడు వేళ్ళు చెయ్యొచ్చు. మొదలు వంచితే దారం లాగి చివరలు కూడా వంగుతాయి. నమూనాలు ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతాయి."

"దేంతో సేత్తారు?"

"ప్లాస్టిక్‌తో."

"బొమ్మ సెయ్యిలా ఉంటాదేమో."

"ఉంటుంది" అంది హారిక.

రత్నాలుకి ఆ జవాబు నచ్చింది. కొలతలు ఇచ్చింది.

ప్రింటరు ప్లాస్టిక్ దారాన్ని కరిగించి, ఒక పొర మీద ఇంకో పొర పరుచుకుంటూ వేళ్ళని లేపింది. మొదటి సెట్టు మొక్కజొన్న పిండితో చేసే రకం ప్లాస్టిక్‌తో వచ్చింది. చేపలు పట్టే నైలాన్ దారం లాగడానికి, జాకెట్ల ఎలాస్టిక్ వెనక్కి తేవడానికి. రత్నాలు వాటిని తొడుక్కుని గ్లాసు పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. ఇంటికి వెళ్ళి అదే చేత్తో పొయ్యి మీద చోడి అంబలి కలిపింది. అంబలి ఉడికేసరికి వేళ్ళు మెత్తబడి పక్కకి తిరిగిపోయాయి. ఫల్గుణ వాటిని వెలుగులోకి పట్టుకుపోయి చూశాడు. "ముసిలోడి ఏళ్ళలా అయిపోనాయి" అన్నాడు. ఆమె నవ్వలేదు. మర్నాడు వాటిని హారికకి ఇచ్చేసింది.

రెండో సెట్టు ఏబీఎస్ అనే గట్టి రకంతో చేశారు. పొయ్యి సెగకి వంగలేదు. కానీ ముట్టుకుంటే గరుకు. పొర మీద పొర పడిన గీతలన్నీ వేళ్ళ మీద తెలుస్తున్నాయి. ఆ గీతల్లో చోడి పిండి ఇరుక్కుని ఎండిపోయేది, ఎంత కడిగినా వాసన పోయేది కాదు. చీర దారాలు తగులుకుని లేచిపోయేవి. లోపలి వైపు కణుపుల చర్మం ఒరుసుకుని ఎర్రబడింది. రత్నాలు గరుకు కాగితంతో రుద్ది చూసింది. పైన కొంచెం నునుపొచ్చింది గానీ కీళ్ళ సందుల్లోకి, గొట్టం లోపలికి కాగితం పోదు.

"అసిటోన్ అని ఒక మందు ఉంది అక్కా" అంది హారిక. "గోళ్ళ రంగు తుడిచేది. దాని ఆవిరి తగిలితే ఈ ప్లాస్టిక్ పైపైన కరిగి, గీతలు సర్దుకుని, మళ్ళీ గట్టిపడుతుంది. మూతేసిన డబ్బాలో ఆవిరి పట్టించాలి. నేను వీడియోల్లో చూశానంతే, ఎప్పుడూ చెయ్యలేదు."

"ఎక్కువ కరిగిపోతే?"

"వేళ్ళు ముద్దయిపోతాయి. ఇంకోటి, దాని దగ్గర నిప్పు ఉండకూడదు. అగ్గిపుల్ల కూడా గీయకూడదు. అది గుర్తు పెట్టుకుంటే చాలు."

విశాఖపట్నం నుంచి సీసా తెప్పించారు. డబ్బా కోసం కేంద్రంలో టీ బిస్కట్లు పోసుకునే పారదర్శకమైన డబ్బా తీసుకున్నారు, లోపల ఏం జరుగుతోందో కనబడుతుందని. అడుగున మందుతో తడిపిన దూది పెట్టి, మధ్యలో పాడైపోయిన పాత వేలొకటి నిలబెట్టి మూత పెట్టారు. కాసేపటికి డబ్బా గోడలు మసకబారాయి. తర్వాత కుంగాయి. హారిక మూత తియ్యబోతే మూత చేతికి సాగుతూ వచ్చింది. మందు వేలిని అంతగా పట్టించుకోకుండా డబ్బానే కరిగించింది. ఆ వాసనకి హారికకి తలనొప్పి పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. ఏ ప్లాస్టిక్ కరుగుతుందో ఏది కరగదో తనకి సరిగ్గా తెలియదనీ, ప్లాస్టిక్కే వద్దనీ, రేకు డబ్బా అయితే మంచిదనీ అంది.

రత్నాలు సన్యాసిరావు కొట్టుకి వెళ్ళింది. పెళ్ళయ్యాక సరుకులకి వెళ్తూనే ఉంది గానీ ఏదీ ఊరికే అడిగి తీసుకున్నది లేదు.

"మూత బిగువుగా ఉండే రేకు డబ్బా ఉంటాదేటి బాబూ, పెద్దది."

సన్యాసిరావు దేనికని అడగలేదు. లోపలికి వెళ్ళి, వెనకటికి బిస్కట్లు విడిగా అమ్మే రోజుల నాటి చదరపు డబ్బా దులిపి తెచ్చి ఇచ్చాడు. ఆమె కుడిచేతికి ఉన్న తెల్ల వేళ్ళు చూసి చూపు తిప్పుకున్నాడు.

కేంద్రంలో ఆ మందు వాసన మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉందని రత్నాలు డబ్బానీ సీసానీ ఇంటికి తెచ్చుకుంటానంది. హారిక కొంచెం తటపటాయించి సరే అంది. జీపు లేని పూట ఫల్గుణ కూర్చుని డబ్బాని మార్చాడు. మూతలో చదరంగా కోసి, ఫొటో పటం అద్దం పెట్టి, చుట్టూ మైదా జిగురు పట్టించాడు. జీపులోని పాడైన స్పీకరు విప్పి దాని అయస్కాంతం తీశాడు, ఇంకొన్ని పెదబయలులో రేడియోలు బాగుచేసే అతను ఇచ్చాడు. వాటితో పాత నూలు గుడ్డ పీలికలు డబ్బా లోపలి గోడలకి అంటించారు. మందు పోసేది ఆ పీలికల మీదే. పైన అడ్డంగా ఇనప తీగ కట్టి, దానికి వేళ్ళని సంతలో ఎండు చేపల్లా వేలాడదీశారు. గోడకీ అడుగుకీ దేనికీ తగలకూడదు. తగిలిన చోట గుంట పడిపోతుందని హారిక చెప్పింది.

అప్పటికి చలి దిగింది. పొద్దున్న ఎదుటి కొండ కనబడనంత మంచు. పరీక్షకని విడిగా ప్రింటు చేయించిన వేళ్ళలో మొదటిసారి తీసినది నున్నగా రాలేదు సరికదా, బూడిద పూసినట్టు తెల్లగా మసకేసి వచ్చింది. రెండోసారీ అంతే. గాలిలో తేమ ప్లాస్టిక్ మీద పట్టేస్తోందనీ, చలికి మందు సరిగ్గా ఆవిరి కావడం లేదనీ హారిక ఫోనులో చెప్పింది.

"ఎండ వచ్చేదాకా ఆగండి. తొందరేముంది?" అంది.

రత్నాలుకి తొందర ఉంది. కాఫీ పళ్ళు ఎర్రబడుతున్నాయి. ఆ సంగతి ఫల్గుణకీ తెలుసు. నిప్పు దగ్గర ఉండకూడదన్న మాట అతను విన్నాడు, దగ్గరగా పెట్టలేదు కూడా. డబ్బా గదికి ఒక మూల నేల మీద ఉంది. గది వెచ్చబడితే చాలునని, ఎదుటి మూలలో గుమ్మం పక్కన కుంపటి రాజేసి పెట్టాడు. రత్నాలు పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. అసిటోన్ ఆవిరి గాలికంటే బరువనీ, పొగలా పైకి పోకుండా నేల పట్టుకుని పాకుతుందనీ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. లోపల ఏమైందో చూద్దామని ఫల్గుణ మూత ఎత్తాడు. కాసేపు చూసి మళ్ళీ పెట్టబోతుండగా కుంపటి దగ్గర నేల మీద నీలం మంట లేచి అతని కాళ్ళ దాకా పరిగెత్తి వచ్చింది. డబ్బా భగ్గుమంది. చేతిలో మూత ఎగిరి అద్దం పగిలింది.

రత్నాలు తడి గోనె పట్టుకుని వచ్చింది. ముందు అతని కాళ్ళ మీద వేసింది, తర్వాత డబ్బా మీద ఇంకో గోనె వేసింది. మంట ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే పోయింది. మందు సీసా పెరటి వైపు కిటికీలో ఉండబట్టి ఇల్లు మిగిలింది. ఫల్గుణకి మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ బొబ్బలెక్కాయి. కనుబొమలు లేవు. ఆస్పత్రికి వెళ్ళే దారిలో, తన జీపులో తను వెనక సీటులో పడుకుని, "దూరంగానే ఎట్టినాను కదే" అని మాటిమాటికీ అన్నాడు.

"ఎట్టినావు. ఊరుకో" అంది రత్నాలు.

అతను పది మందికీ చెప్పుకునే మనిషి కాబట్టి సంగతి సంతకి చేరింది. కేంద్రం పెద్దలు హారికని పిలిచి, ఆ మందు ఇక మేడెక్కకూడదన్నారు. హారిక దూలంపుట్టు వచ్చి ఫల్గుణ మంచం పక్కన కూర్చుంది.

"ఆవిరి కిందికి పాకుతుందని నేను చదివాను. చెప్పడం తోచలేదు. సీసా ఇంటికి ఇవ్వకుండా ఉండాల్సింది" అంది.

"కుంపటెట్టింది నాను కదా మేడమ్" అన్నాడు ఫల్గుణ.

రత్నాలు ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చింది. తను తొడుక్కునే గరుకు వేళ్ళు మూడూ తీసి గూట్లో పెట్టేసింది. అత్తగారు ఆ గూటి వైపు చూసి ఇంట్లో మాట్లాడే ఒరియా యాసలో ఏదో అంది. ఒక చెయ్యి పోయింది చాలదా అన్నట్టు.

సన్యాసిరావు దూలంపుట్టు రావడం అదే మొదలు. ఒంట్లో అంత బాగుండదని ఆయన కొండ ఊళ్ళకి తిరగడం మానేసి చాలా కాలమైంది. జీపు దారి దగ్గర దిగి, కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అరటిపళ్ళు తెచ్చాడు. ఫల్గుణని పలకరించి, కాళ్ళ కట్లు చూసి, తర్వాత రత్నాలుతో అన్నాడు.

"ఆ డబ్బా ఇచ్చెయ్యమ్మా. పట్టుకుపోతాను."

"ఏం బాబూ, డబ్బాతో పనేటి మీకు?"

"పనేం లేదు. నా కొట్లోంచి వచ్చింది. ఇక్కడ ఉండొద్దు."

"మంట డబ్బాలోంచి పుట్టలేదు."

"నాకదంతా తెలీదమ్మా. ఒకసారి అయింది కదా." ఆయన కర్ర నేల మీద అటూ ఇటూ జరిపాడు. "బెల్టు అలా తోస్తారని నీకు చూపించింది నేనే."

అన్నేళ్ళలో ఆ మాట వాళ్ళ మధ్య రావడం అదే మొదలు. ఆయనకి ఓదార్పుగా రత్నాలు ఏదైనా అంటుందేమోనని ఫల్గుణ చూశాడు.

"అవును. మీరే సూపించినారు" అంది రత్నాలు.

సన్యాసిరావు తల ఊపాడు.

"మీరు సూపిస్తే నాను తోసినాను. నిప్పు దూరంగా ఉంటే సాలని ఈయన అనుకున్నాడు. ఈసారి ఎవులు సెప్పినా, ఏటి సెప్పినా ముందు నాను తెలుసుకునే సేత్తాను. డబ్బా ఇవ్వను బాబూ."

"మళ్ళీ చేస్తావా?"

"సేత్తాను."

సన్యాసిరావు ఇంకా కాసేపు కూర్చుని నీళ్ళు తాగి లేచాడు. రత్నాలు దారి దాకా వెళ్ళి జీపు ఎక్కించి వచ్చింది. ఆయన మళ్ళీ డబ్బా అడగలేదు.

అప్పుడు ఆమె పెదబయలు వెళ్ళి హారికని కూర్చోబెట్టి ఆ మందు గురించి తెలిసినదంతా చెప్పమంది. హారిక కంప్యూటరు తెరిచి చదువుతూ తెలుగులో చెప్పింది. ఎంత చలిలో కూడా ఎలా అంటుకుంటుంది, చర్మం మీద పడితే ఏమవుతుంది, స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న మెరుపు కూడా ఎందుకు ప్రమాదం. రత్నాలు అర్థం కానిచోట ఆపి మళ్ళీ అడిగింది. హారికకి తెలియనివి కూడా కొన్ని ఉన్నాయి. వాటికోసం వెతికింది.

"వెచ్చగా ఉండాలి, నిప్పు ఉండకూడదు. ఎలా?" అంది హారిక.

"నీళ్ళు ఏడిగా ఉంటాయి, నిప్పుండదు కదా" అంది రత్నాలు.

"వేడినీళ్ళ పళ్ళెంలో పెడతావా? చాలామంది అలాగే చేస్తారట, ఇదిగో ఇక్కడ ఉంది. కానీ నీళ్ళు ఎక్కడ కాస్తావు?"

రత్నాలు అప్పటికే ఆలోచించుకుంది. వాళ్ళ ఇల్లు వాలు మీద ఉంది. పొయ్యి ఇంటి ఎగువన పెరట్లో. దిగువన, కాఫీ చెట్ల మొదట్లో, గాలి ఆడే చదును ఒకటి ఉంది. ఆవిరి నీళ్ళలా పల్లానికే పోతుంది కాబట్టి పొయ్యి దాకా ఎక్కి రాదు. నీళ్ళు ఎగువన కాచి, పొయ్యి ఆర్పేసి, అప్పుడు కిందికి మోసుకుపోవాలి. మంచు విడిచి ఎండ బాగా కాసే పూట మాత్రమే చెయ్యాలి.

డబ్బా సొట్టలు ఫల్గుణ మంచం మీద కూర్చునే సుత్తితో కొట్టి సరిచేశాడు. మూతకి కొత్త అద్దం వేశారు. హారిక బొబ్బిలి నుంచి వస్తూ చేతి తొడుగులు, కళ్ళద్దాలు తెచ్చింది. పక్కనే ఇసుక బకెట్టు పెట్టింది. ఆ రోజు వాళ్ళిద్దరే చేశారు. వేళ్ళని కొత్తగా ప్రింటు చేసి, దారం పోయే రంధ్రాలు కరిగి మూసుకుపోకుండా వాటిలో సన్న ఇనప తీగ దూర్చి, పై తీగకి వేలాడదీశారు. పీలికలు తడిపి, మూత పెట్టి, డబ్బాని వేడినీళ్ళ బేసినులో దించారు. రత్నాలు అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గీతలు మెత్తబడ్డట్టు అనిపించింది. వేలు తడిసినట్టు మెరిసింది. "చాలు" అని హారికా, "సాలు" అని రత్నాలూ ఒకేసారి అన్నారు. తీసి నీడలో తీగతో సహా వేలాడదీసి, ముట్టుకోకుండా వదిలేశారు. వాసన పూర్తిగా పోయేదాకా రత్నాలు వాటిని ఇంట్లోకి తేలేదు. గట్టిపడ్డాక తీసి చూస్తే టీ కప్పుల పింగాణీలా ఉన్నాయి. లోపలి గొట్టం కూడా నున్నగా వచ్చింది. కణుపులకి ఒరుసుకోలేదు. చీరకి తగులుకోలేదు. చోడి పిండి కలిపి కడిగితే నీళ్ళతో జారిపోయింది. ఆ వారం సంతకి ఆమె కుడిచెయ్యి పైట కింద పెట్టుకోకుండా వెళ్ళింది. కొందరు చూశారు, కొందరు పట్టుకుని చూశారు. దాచుకోవడం మానేశాక అందరూ అడిగినదానికి జవాబు చెప్పుకోవడం పెద్ద పని అయిందని తర్వాత ఫల్గుణతో అంది.

కాఫీ కోతకి అవే తొడుక్కుని దిగింది. కొమ్మ వంచింది, పండు పట్టుకుంది. పండు జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. పొద్దుటి మంచుకి తడిసిన పండు, నున్నటి వేలు. పక్క చెట్టు దగ్గర కోస్తున్న తోటికోడలు జయశ్రీ అది చూసింది.

"ఏటక్కా, అంత కట్టపడి జారిపోయేలా సేసుకున్నావు" అంది.

రత్నాలు మూడు వేళ్ళూ తీసి నడుముకి దోపుకుని ఎడంచేత్తోనే ఆ రోజు పని ముగించింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత గరుకు వేలినీ కొత్త నున్న వేలినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఒక కాఫీ పండు తెచ్చి రెండింటితోనూ నొక్కి చూసింది. గరుకు వేలికి పండు నిలిచింది.

మర్నాడు హారికకి ఫోను చేసింది. "ఏలి సివరకి ఆవిరి తగలకుండా సెయ్యొచ్చా మేడమ్? అది మాత్రం వొదిలెయ్యాల."

"చివర గరుకుగానే ఉంచుతావా?"

"అవును. మిగతాదంతా నున్నగా ఉండాల."

రెండు మూడు రకాలుగా చేసి చూశారు. అంటించిన టేపుని మందు ఊడదీసేసింది. వంటింట్లో రొట్టెలు చుట్టే వెండిరేకు కాగితం వేలి చివరకి బిగించి చుట్టి, మొదట్లో సన్న తీగతో కడితే ఆగింది. ఆవిరి పట్టాక కాగితం విప్పితే చివర గీతలు అలాగే ఉన్నాయి, మిగతా వేలు మెరుస్తోంది. ఆ వేళ్ళతో ఆమె మళ్ళీ తోటలోకి దిగేసరికి కోత సగం అయిపోయింది. పండు నిలిచింది. ఎడంచేతి వేగం కుడిచేతికి రాలేదు, ఎప్పటికీ రాదు కూడా. బుట్ట మాత్రం అందరితో పాటే కాకపోయినా, అందరూ ఇంటికి బయల్దేరేలోపు నిండింది.

కీళ్ళ దగ్గర వేళ్ళు అప్పుడప్పుడు విరుగుతాయి. విరిగినప్పుడల్లా హారిక కొత్తది ప్రింటు చేసేది. తర్వాతి ఏడు హారిక విజయనగరంలో వేరే ఉద్యోగంలోకి వెళ్ళింది. వెళ్ళేముందు ప్రింటరు వాడటం రత్నాలుకి నేర్పింది. కేంద్రంవాళ్ళు వారంలో కొన్ని పూటలు ఆమెకి ఆ గది ఇస్తున్నారు; వేళ్ళు పోయినవాళ్ళు అడిగితే ఆమే చేసి ఇస్తోంది. ఆవిరి పట్టే పని మాత్రం ఇప్పటికీ ఇంటి దిగువ చదును మీదే, ఎండ పూటే. ఫల్గుణ కాళ్ళ మీద మచ్చలు మిగిలాయి. ఎవరైనా వేళ్ళ కోసం వస్తే ముందు అవే చూపించి, బీడీ చుట్టా ఉంటే జీపులోనే వదిలేసి రమ్మంటాడు.

ఈమధ్య గూడెం కొత్తవీధి వైపు నుంచి భీముడు అనే అతను వచ్చాడు. రంపపు మిల్లులో చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. నడివయసు మనిషి, మాట తక్కువ. రత్నాలు కొలతలు తీసుకుంటుంటే, ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు రోజూ ఏసుకుంటావేటమ్మా?"

"నేదు. పళ్ళు కోసేటప్పుడు, గుడ్డ కుట్టేటప్పుడు. అన్నం తినేటప్పుడు తీసేత్తాను. మిగతా పన్లకి ఎడం సెయ్యే బేగి సేత్తాది."

"మరి ఇదెందుకు?"

"ఆ రెండు పన్లకీ కావాల" అంది రత్నాలు.

భీముడికి గొడ్డలి పట్టుకోవడం ముఖ్యం. గొడ్డలి పిడికి ఈ వేళ్ళు ఆగవని ఆమె చెప్పింది. తాడు ముడి వెయ్యొచ్చు, జీపు కడ్డీ పట్టుకోవచ్చు, బరువు పడితే విరుగుతాయి. అయితే తాడు కోసమే చెయ్యమన్నాడు. తెలుపా నలుపా అని అడిగితే నలుపన్నాడు.

వారం తర్వాత, వేళ్ళు ప్రింటయ్యాక, ఎండ చూసుకుని రమ్మంది. వచ్చాడు. రత్నాలు నీళ్ళు కాచి, పొయ్యి మీద నీళ్ళు చల్లి, నిప్పు పూర్తిగా ఆరిందని చేత్తో తడిమి చూసుకుని బేసిను కిందికి మోసుకుపోయింది. డబ్బా దించి మూత పెట్టాక అతన్ని ఎగువన, గాలి వచ్చే వైపు రాయి మీద కూర్చోమంది. తను అద్దం మీదికి వంగింది.

"ఏటి కనపడతాంది?" అన్నాడు భీముడు.

"ఇంకా ఏటీ నేదు. కూసో. తొందర పడితే పాడవుతాది."

అతను కూర్చున్నాడు.